తాతయ్య దగ్గు

నా చిన్నప్పుడు మా ఇంట్లో నడివేసవిలో కూడా సాయంత్రం పూట ఫ్యాను ఆపేసేవాళ్ళు. మాచర్ల ఎండలు ఎరిగినవాళ్ళకి ఈ మాట చెబితే మీ నాన్నకి మతిగాని తప్పిందా అని అడుగుతారు. తప్పలేదు. పాటలు వినే పిచ్చి, అంతే. ఫ్యాను తిరిగితే గర్రుమంటుందట, ఆ గర్రు స్పీకర్లలోంచి వచ్చే సన్నటి శబ్దాలన్నీ మింగేస్తుందట. కిటికీలకి బొంతలు వేలాడదీసేవాడు. అమ్మ ఆ వేళకి పొయ్యి మీద కుక్కరు పెట్టడానికి వీల్లేదు. ఆమె గాజులు కదిలినా తల తిప్పి చూసేవాడు. మేమంతా చెమటలు కక్కుతూ, దగ్గొస్తే నోట్లో గుడ్డ కుక్కుకుని, దొంగల్లా కూర్చుని పాటలు వినేవాళ్ళం.

మొదట్లో ఇలా ఉండేది కాదు. నాన్న నాపరాళ్ళ లారీ తోలేవాడు. ఒకసారి బెజవాడ నుంచి వస్తూ రేడియో, టేపు కలిసిన టూ ఇన్ వన్ తెచ్చాడు. దాన్ని అరుగు మీద పెడితే వీధి వీధంతా వచ్చి కూర్చునేది. పక్కింటి అక్క బియ్యం చేటతో సహా వచ్చి రాళ్ళేరుకుంటూ వినేది. పాట మధ్యలో పెళ్ళి కబుర్లు, పుల్లకూర కబుర్లు అన్నీ నడిచేవి. ఎవరికైనా నచ్చిన చరణం వస్తే మాత్రం అందరూ కాసేపు ఊరుకునేవాళ్ళు. అంతకంటే బాగా పాట వినడం నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ తర్వాత ఎవరో చెప్పారు, స్పీకరు ఊడదీసి కుండ మూతికి బిగిస్తే మోత గంభీరంగా ఉంటుందని. కుండ వచ్చింది. ఒంటి కుండ సరిపోదని దానికి జోడు వచ్చింది. ఆ జోడు కుండ అమ్మ పెరుగు తోడుపెట్టుకునేది. కుండల తర్వాత యాంప్లిఫయరు, దాని తర్వాత టేకు చెక్క పెట్టెలు, పెట్టెలు అదరకుండా వాటి కింద క్వారీ నుంచి తెచ్చిన నాపరాళ్ళు, చివరికి ఎర్రదీపాలు పచ్చదీపాలు ఎగిరిపడే ఈక్వలైజరు. ఏది తెచ్చినా ఇదే ఆఖరుది అనేవాడు. అమ్మ నవ్వి ఊరుకునేది. అరుగు మీద ఉండే పాట గదిలోకి పోయింది, గది తలుపు మూసుకుంది, పక్కింటి అక్క రావడం మానేసింది.

ఊరికే పట్టిన పిచ్చి కాదది. దాని వెనక తాతయ్య గొంతు ఉన్న క్యాసెట్ ఒకటుంది. తాతయ్య బతికినన్నాళ్ళూ రాళ్ళ క్వారీలో పనిచేశాడు. చదువు లేదు గానీ తత్వాలు పాడితే వినేవాళ్ళు లేచి వెళ్ళేవాళ్ళు కాదు. సాగర్‌లో ఉద్యోగం చేసే మా చిన్నాన్న ఒక వేసవిలో టేప్ రికార్డర్ తెచ్చి ఆయన చేత పాడించి పట్టుకున్నాడు. ఆ రోజు నాన్న లారీ మీద ఎక్కడో ఉన్నాడు. అమ్మా నేనూ అమ్మమ్మగారింట్లో ఉన్నాం. ఆ ఏడు వానలు మొదలయ్యాక తాతయ్యకి దగ్గు పట్టుకుంది. క్వారీ దుమ్ము ఊపిరితిత్తుల్లో పేరుకుపోయిందన్నారు. చలికాలం దాటలేదు.

క్యాసెట్‌లో తాతయ్య పాడుతుంటే వెనక నుంచి దబ్బు దబ్బుమని ఒక మోత వినపడుతూనే ఉంటుంది. రెండో తత్వం మధ్యలో ఆయనకి దగ్గు వస్తుంది. మామూలు దగ్గు కాదు. ఊపిరందనట్టు దగ్గి దగ్గి, గొంతు సవరించుకుని మళ్ళీ ఎత్తుకుంటాడు. ఆ చోటు రాగానే నాన్న ముఖం నల్లబడిపోయేది. "అప్పటికే ఉంది. మనం చూసుకోలా" అనేవాడు, మాతో కాదు, తనలో తనే. ముందే ఆస్పత్రికి తీసుకుపోయి ఉంటే మనిషి దక్కేవాడన్నది ఆయన బాధ. ఎవరితోనూ చెప్పుకోలేదు. అందుకు బదులు మిషన్లు కొన్నాడు.

మంచి మిషను మీద వింటే మోత, దగ్గు వెనక్కి పోయి గొంతు ఒక్కటే ముందుకొస్తుందని ఆయన ఆశ. ఆ ఆశ సగం తీరింది కూడా. కొత్తది వచ్చినప్పుడల్లా తాతయ్య గొంతు నిజంగానే దగ్గరికి వచ్చేది. పదం పదానికీ మధ్య ఊపిరి తీసుకోవడం కూడా తెలిసేది. కాని గొంతు ఎంత దగ్గరికి వచ్చిందో దగ్గూ అంతే దగ్గరికి వచ్చింది. కుండల్లో విన్నప్పుడు ఎవరో పక్క వీధిలో దగ్గినట్టుండేది, టేకు పెట్టెల్లో అయితే మా మధ్య కూర్చుని దగ్గినట్టుండేది. నాన్న మీటలు తిప్పుతూ, మళ్ళీ వెనక్కి తిప్పి వింటూ, మళ్ళీ మీటలు తిప్పుతూ ఉండేవాడు.

నాయనమ్మ ఎప్పుడూ గడప మీదే కూర్చునేది. దగ్గు వచ్చినప్పుడల్లా ఆమె పెదవులు కదిలేవి. ఏదో చెప్పబోయేది. నాన్న చెయ్యెత్తి, "ఉండమ్మా, అయిపోనీ" అనేవాడు. అయిపోయాక మీటల మీద పడేవాడు, ఇక ఎవరి మాటా ఆయన చెవికెక్కేది కాదు. నాయనమ్మ కాసేపు చూసి, మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని లేచి వెళ్ళిపోయేది. రికార్డు చేసిన చిన్నాన్నని నాన్న ఒకసారి ఆ మోత ఏమిటని అడిగాడు. మిషను కొత్తదవడంతో ఆ రోజంతా దానివైపే చూస్తూ ఉన్నానని, ఇంకేమీ గుర్తు లేదని చిన్నాన్న చెప్పాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే పోత.

చివరికి నాన్న ఆ క్యాసెట్‌ని నరసరావుపేటలో ఒక రేడియో షాపు అతనికి వినిపించాడు. ఆ దబ్బు దబ్బు రికార్డర్ మోటారు కొట్టుకున్న శబ్దమని అతను తేల్చేశాడు. దగ్గున్న ముక్కని బ్లేడుతో కోసి, అటూ ఇటూ అతికించి, మోతని కొత్త మిషనులో వడగట్టి వేరే క్యాసెట్ మీదికి ఎక్కిస్తానన్నాడు. నాన్న ఆ రోజు ఇంటికి పండగ మోసుకొచ్చినట్టు వచ్చాడు. అన్నం తింటూ అంతా చెప్పాడు. నాయనమ్మ ఒక్కటే అడిగింది. "కోసిన ముక్కేం చేస్తాడంట?"

"ఏం చేస్తాడమ్మా, పారేస్తాడు."

ఆమె సగం అన్నం వదిలేసి కంచంలో చెయ్యి కడుక్కుంది.

మర్నాడు పొద్దున నాన్న ప్రయాణం. నాయనమ్మ నన్ను డాబా మీద ఆరబోసిన మిరపకాయలు తెమ్మంది. కారం డబ్బా నిండుగానే ఉంది, ఇప్పుడెందుకని అమ్మ అంటే, "ఉంటే ఉండనీయవే" అంది. పెరట్లో ఉండే రోలుని గది కిటికీ కిందికి దొర్లించమంది. అమ్మా నేనూ మొహమొహాలు చూసుకుని, కిందా మీదా పడి దొర్లించాం. మా నాయనమ్మ మాటకి ఎదురు చెప్పే ధైర్యం ఆ ఇంట్లో మిషన్లకి తప్ప ఎవరికీ లేదు.

బయలుదేరేముందు ఆఖరుసారిగా విందామని లోపల నాన్న క్యాసెట్ పెట్టాడు. బయట నాయనమ్మ కొంగు ముక్కుకి చుట్టుకుని రోకలి ఎత్తింది. పల్నాటి మిరపకాయ సంగతి చెప్పేదేముంది, దంచుతుంటే ఊరి పొలిమేరలో ఉన్నవాడికీ తుమ్ము రావాల్సిందే. బొంతలు శబ్దాన్ని ఆపాయేమో గానీ ఘాటుని ఆపలేదు. రెండో తత్వం సగానికి వచ్చేసరికి లోపల నుంచి దగ్గు మొదలైంది. ఒకటి క్యాసెట్‌లోది. దాని వెనకే ఇంకొకటి, అచ్చం అలాంటిదే, ఊపిరందనట్టు, గొంతు చీరుకుపోయినట్టు. మా నాన్నది.

నాయనమ్మ రోకలి చేత్తో పట్టుకునే గుమ్మంలోకి వచ్చింది. "ఏందిరా అబ్బాయ్, నీక్కూడా రోగమొచ్చిందా? ఆస్పత్రికి పోదామా?"

"కారం... ఇప్పుడా అమ్మా దంచేది!" అన్నాడు నాన్న, దగ్గుల మధ్య.

"మీ నాయన కూడా ఈ మాటే అన్నాడు ఆ రోజు, పాట అయినాక" అందామె. "అది రోగం కాదురా, కారం ఘాటు. అప్పటికి ఆయన గుండ్రాయిలాగా ఉన్నాడు. ఆ మోత మోటారూ కాదు, గీటారూ కాదు, నా రోకలి. ఆయనకి తాళం నిలిచేది కాదు. నేను దంచుతా ఉంటేనే పాట కుదిరేది. ఇంట్లో మేమిద్దరమే ఉన్నప్పుడు చానా ఏళ్ళు అట్టానే పాడాడు."

నాన్న కళ్ళూ ముక్కూ తుడుచుకుంటూ, ఇన్నాళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాడు.

"నువ్వు నోరు తెరవనిచ్చావా? పైగా దగ్గుతోపాటు నన్ను కూడా కోసి పారేయిద్దామని తయారయ్యావు గదరా!"

ఆమె నవ్వుతూనే అంది. కాని నాన్న నవ్వలేదు. కారానికి కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడని చెప్పి దాటేయొచ్చు. అది నిజం కాదు. లారీ చక్రం కింద చెయ్యి నలిగినప్పుడు కూడా ఏడవని మనిషి, ఆ రోజు నాపరాయి మీద కూర్చుని గట్టిగా ఏడ్చాడు. తండ్రిని తనే పోగొట్టుకున్నానని అన్నాళ్ళూ మోసిన బరువు అది. నాయనమ్మ రోకలి గోడకి ఆనించి, కారం చెయ్యి తగలకుండా మోచేత్తో ఆయన తల దగ్గరికి తీసుకుంది. కాసేపటికి క్యాసెట్ మళ్ళీ మొదటి నుంచి పెట్టించి, వెళ్ళి దంచడం మొదలుపెట్టింది. బయట పడే దెబ్బ, లోపల వినపడే దెబ్బ ఒకదాని మీద ఒకటి పడ్డాయి.

నాన్న నరసరావుపేట వెళ్ళలేదు. కిటికీల బొంతలు ఆయనే లాగేసి, ఫ్యాను వేశాడు. ఉన్న మిషన్లు ఏవీ అమ్మలేదు, కొత్తవి కొనలేదు. తర్వాత ఎప్పుడో ఆ షాపు అతను కనిపించి, ఇంకా మంచి డెక్ వచ్చిందని, ఆ మోత సంగతి ఇప్పుడేం చేస్తున్నారని అడిగితే, "మా అమ్మని అడుగుతున్నా" అని చెప్పి వచ్చాడట.

నిజంగానే అడిగేవాడు. ఆ వేసవంతా సాయంత్రాలు క్యాసెట్ పెట్టడం, నాయనమ్మ మాట్లాడుతూనే ఉండటం. ఇదిగో ఈ కిర్రుమన్నది గుమ్మం తలుపు, పక్కింటి పిల్ల మజ్జిగకని వచ్చింది. ఈ కోడి మనది కాదు, ఎదురింటివాళ్ళది, గింజలు తినబోతే ఆయన పాడుతూనే అదిలించాడు. ఇక్కడ పదం మర్చిపోయి నావంక చూశాడు. మా నాన్న లేని ఆ ఒక్క రోజులోకి ఆయన్ని నాయనమ్మ కొంచెం కొంచెంగా తీసుకెళ్ళింది. ఆయన టేకు పెట్టెల వైపు కాకుండా ఆమె ముఖం వైపు చూస్తూ వినేవాడు. పక్కింటి అక్క కూడా మళ్ళీ రావడం మొదలుపెట్టింది. ఆ గదిలో ఆ మాటల మధ్య ఒక్క సాయంత్రం కూర్చోవడానికి ఇప్పుడు నేను ఏమివ్వమన్నా ఇస్తాను.

నాయనమ్మ పోయింది, అమ్మ పోయింది, మొన్నీమధ్య నాన్నా పోయాడు. నా ఫోనులో ఆయన మాట ఒకటుంది. మాచర్ల బస్టాండులో నేనెక్కిన బస్సు కిటికీ పక్కన నిలబడి నాకేదో చెబుతుంటే సరదాగా రికార్డు చేసుకున్నది. సరిగ్గా మాట మధ్యలో బస్సు హారను మోగుతుంది. దాని కింద ఆయన ఏమన్నాడో నాకప్పుడూ వినపడలేదు, మళ్ళీ అడగనూ లేదు. మా అబ్బాయి కంప్యూటర్లో పెట్టి హారను తీసి చూశాడు. ఒక గొంతు వచ్చింది గానీ అది మా నాన్నది కాదు. ఇంకా మంచిది ఉంది, దాంట్లో చూద్దామన్నాడు. వద్దులే నాయనా అన్నాను.

నాకు చాలిందని కాదు. ఆ మాట వినాలని ప్రాణం పీకుతూనే ఉంటుంది. కాని చెప్పగలిగిన మనిషి లేనప్పుడు మిషను చెప్పేదానికి హద్దు ఉంటుందని నాకు తెలుసు. ఆ బస్సు దగ్గర మేమిద్దరమే ఉన్నాం, నాయనమ్మలాగా విని చెప్పడానికి మూడో మనిషి లేరు.

అందుకే ఇప్పటికీ ఇంట్లో ఎంత ఇష్టమైన పాట వస్తున్నా, పక్కనున్నవాళ్ళు ఏదో చెప్పబోతున్నట్టు పెదవి కదిపితే చాలు, టక్కున ఆపేసి వాళ్ళవైపు తిరుగుతాను. పాటదేముంది, మళ్ళీ పెట్టుకోవచ్చు.