చేతికి అందినంత మేర

ముప్పై ఏళ్లు తెలుగు దినపత్రిక డెస్కు మీద ఇతరుల వాక్యాలు కోసి బతికాను. ఇప్పుడు కెనడాలో గ్వెల్ఫ్ ఊరి దగ్గర ఒక చిన్న విమాన మరమ్మతు షెడ్డులో రికార్డులు చూస్తున్నాను. చేయాల్సిన పనుల జాబితా ఉండి, మెకానిక్కులు చేత్తో నింపే వర్క్ కార్డులను కంప్యూటర్లోకి ఎక్కించడం నా పని. మా దగ్గరికి వచ్చే విమానాల్లో కొన్ని యూరప్‌లో రిజిస్టరైనవి, వాటికి అక్కడి నిబంధనలు వర్తిస్తాయి. చేరిన రోజే మేనేజరమ్మ ఆ నిబంధనల పుస్తకం ఇచ్చి చదవమంది. తయారై బయటికొచ్చిన విమానం ఎగరడానికి పనికొస్తుందో లేదో, అది బతికున్నన్నాళ్లూ ఎవరు ఎలా చూసుకోవాలో అందులో ఉంటుంది. పది పేజీలు చదివి, భాష బాగాలేదని పక్కన పెట్టాను.

కరీంనగర్ వైపు నుంచి వచ్చిన మెకానిక్ ఒకతను మాతో పనిచేస్తాడు. నాకన్నా ఇరవై ఏళ్లు చిన్న. ఇండియాలో చేసిన అనుభవం ఇక్కడ చెల్లక, మళ్లీ మొదటి నుంచి పరీక్షలు రాసి, ఈమధ్యే సంతకం పెట్టే అధికారం తెచ్చుకున్నాడు. ఆ సంతకం పడితేనే విమానం షెడ్డు దాటుతుంది.

చలికాలంలో ఒక విమానాన్ని యూరప్‌లోని యజమానికి తిప్పి పంపాల్సి వచ్చింది. అతని కార్డులో ఇలా ఉంది: రెక్క మొదలు దగ్గర చేతికి అందినంత మేర చూశాను. వెనక ప్యానెల్ తియ్యలేదు, ఆ పని ఈ కార్డులో లేదు. చూసినంతలో తుప్పు కనిపించలేదు.

"ఇంత పొడుగెందుకయ్యా?" అన్నాను.

"అన్నా, మీరు పేపర్ల చేసినోళ్లు. నా ఇంగ్లీషుకు జర ఇస్త్రీ చేయిండ్రి."

చేశాను. మూడు వాక్యాలు ఒకటయ్యాయి: రెక్క మొదలు దగ్గర తనిఖీ పూర్తి, తుప్పు లేదు. డెస్కు మీద మంచి కాపీ అంటే అదే. ప్రింటు తీసి ఇస్తే అతను చూడకుండానే సంతకం పెట్టాడు. "మీరు రాసినంక నేనేం చదువుత?" అన్నాడు. నూనె మరకల కార్డు నా సొరుగులోకి పోయింది. అసలు కాపీని కొన్నాళ్లు దాచడం పత్రిక నాటి అలవాటు.

రెండు వారాలకు, విమానం ఇంకా మా షెడ్డులో ఉండగానే, యజమాని తరఫు ఇన్‌స్పెక్టర్ వచ్చి వెనక ప్యానెల్ తీయించాడు. లోపలంతా తుప్పు.

మేనేజరమ్మ మా ఇద్దరినీ పిలిచింది. తుప్పు లేదని ఎలా రాశావని అతన్ని అడిగింది. తను సంతకం పెట్టిన కాగితాన్ని అతను అప్పుడు మొదటిసారి చదివాడు. చదివి నా వైపు చూశాడు. నేను కిటికీలోంచి మంచు చూస్తున్నాను.

"సంతకం నాదే," అన్నాడు ఇంగ్లీషులో.

విచారణ అయ్యేదాకా అతను ఏ కాగితం మీదా సంతకం పెట్టకూడదన్నారు. పార్కింగ్ దాకా వెంట నడిచాను. రోడ్ల మీద చల్లే ఉప్పుకు అతని కారు డోర్ల కింద చిల్లులు పడ్డాయి.

"సూడన్నా, దీనికి తుప్పున్నదని రాసే అధికారం గూడ లేదిప్పుడు నాకు," అని నవ్వాడు. తర్వాత, "అసలు కార్డు ఏడున్నది?" అన్నాడు.

"వెతుకుతాను," అన్నాను.

ఎక్కడుందో నాకు తెలుసు. ఆ సొరుగు తాళంచెవి నా జేబులోనే ఉంది. అలా రెండు రోజులు ఇంటికెళ్లి అన్నం తిన్నాను. ఉద్యోగం పోతుందన్న భయం పెద్దగా లేదు. ముప్పై ఏళ్ల డెస్కు మనిషి ఒక వాక్యాన్ని చెడగొట్టాడని మేనేజరమ్మకు తెలియడం నేను భరించలేకపోయాను. పత్రికలో సవరణలు వేయాల్సి వస్తే, ఎవరి కంటా పడని మూల చూసి వేయించినవాణ్ని.

రెండో రోజు సాయంత్రం, నన్ను గట్టెక్కించే మాట ఏదైనా దొరుకుతుందేమోనని నిబంధనల పుస్తకం తీశాను. రికార్డులో దేన్నైనా దిద్దితే, మొదట రాసింది స్పష్టంగా కనిపించేలా దిద్దాలని ఉంది. ఆ భాషలో నాకు ఏ లోపమూ కనిపించలేదు.

మర్నాడు పొద్దున్నే కార్డు తీసుకెళ్లి మేనేజరమ్మ బల్ల మీద పెట్టాను. ఆవిడ దాన్ని నా ప్రింటు పక్కన పెట్టి చదివింది.

"ఎప్పటి నుంచి నీ దగ్గర ఉంది?"

"మొదటి నుంచీ."

తిట్టలేదు. పెన్ను ఇచ్చింది. నా వాక్యం మీద ఒకే ఒక్క గీత గీయించి, కింద అతని మూడు వాక్యాలూ రాయించి, పక్కన నా సంతకం, తేదీ పెట్టించింది. ఆ విమానం ఏ దేశానికి వెళ్లినా ఆ కాగితం వెంట వెళుతుంది. గీత కింద నా వాక్యం ఎవరికైనా చదవడానికి వస్తుంది.

వారానికి అతని అధికారం తిరిగి ఇచ్చారు. "థ్యాంక్స్ అన్నా," అన్నాడు. తిట్టినా బాగుండేది.

ఇప్పుడు కార్డు నాకిచ్చే ముందు దాన్ని బల్ల మీద పరిచి, ఫోన్‌తో ఫొటో తీసుకుంటాడు. అది సరిగ్గా వచ్చిందో లేదో పెద్దది చేసి చూసుకుంటాడు. అప్పటిదాకా నేను చెయ్యి చాచకుండా నిలబడి ఉంటాను.