కరిముల్లా బేస్ గిటారు, నా పసుపు వైరు

ఆర్కెస్ట్రాలో బేస్ గిటారు వాయించేవాడి వంక ఎవరూ చూడరు. పాడేవాళ్ళని చూస్తారు, డ్రమ్ములు కొట్టేవాణ్ణి చూస్తారు, మిమిక్రీ చేసేవాడికి ఈలలు వేస్తారు. బేస్ ఆగిపోతే మాత్రం పాట ఒక్కసారిగా చప్పబడిపోతుంది. ఏదో తగ్గిందని అందరికీ తెలుస్తుంది, ఏం తగ్గిందో చెప్పలేరు. కరిముల్లా పదకొండేళ్ళు అలా ఎవరి కంటా పడకుండా వాయించాడు. అందరూ అతనివైపు చూసింది ఒక్క వారమే. ఆ వారం నా మూలంగా వచ్చింది.

అతనిది వన్ టౌన్‌లో పరుపులు కుట్టే ఇల్లు. తండ్రి దూది ఏకేవాడు. దూలానికి పెద్ద విల్లు వేలాడగట్టి, దాని నరాన్ని కొయ్య గుండుతో కొడుతుంటే దూది పింజలు పింజలుగా లేచేది. ఆ డుం డుం మధ్యే కరిముల్లా పెరిగాడు. "నాలుగు తీగల గిటారు మొదటిసారి చూసినప్పుడు, ఇదేంటి, మా నాన్న విల్లుకి ఇంకో మూడు నరాలు కట్టారే అనుకున్నా హరీ," అనేవాడు నాతో. మద్రాసు నుంచి వచ్చిన ఒక వాయిద్యకారుడి దగ్గర ఎనభై ఏడులో పాతది కొన్నాడు. పగలు పరుపులు, సాయంత్రం ప్రోగ్రాములు.

నేను పటమటలో సౌండ్ సిస్టమ్ అద్దెకిచ్చేవాణ్ణి. తిరుపతిరావు గారి ట్రూపుకి ఆపరేటర్ని కూడా నేనే. ఆయన గాయకుడు, ట్రూపుకి యజమాని. మంచి గొంతు, దురుసు నోరు.

కరిముల్లా దగ్గర ఒక జర్దా రేకు డబ్బా ఉండేది. అందులో చిన్న సోల్డరింగ్ ఐరన్, రెండు స్పేర్ జాక్‌లు, జాక్ మీద మకిలి తుడవడానికి పెన్సిల్ రబ్బరు, బెల్టు స్క్రూ వదులైతే రంధ్రంలో దోపడానికి అగ్గిపుల్లలు, ఒక టార్చి సెల్లు. ప్రోగ్రాముకి ముందు ఏ వాయిద్యంలో గొడవ వచ్చినా ఆ డబ్బా తెరిచేవాడు. అతనికి ఒక పద్ధతి ఉండేది. "ఒకసారికి ఒక్కటే మార్చు. మొదట వైరు, తర్వాత జాక్, తర్వాత యాంప్లిఫయరు, చివరికి స్పీకర్ బాక్సు. రెండు కలిపి మార్చావా, దొంగ దొరకడు."

ఒకసారి అవనిగడ్డలో పెళ్ళి రిసెప్షన్. గిటారు ఎంతసేపటికీ గుర్రుమంటోంది. నేను మిక్సర్ మీద ఉన్న బటన్లన్నీ తిప్పి చెమటలు కక్కుతున్నాను. కరిముల్లా గిటారు మెడలో వేసుకుని స్టేజి మీద మెల్లగా చుట్టూ తిరిగాడు. ఒకవైపు తిరిగితే గుర్రు తగ్గుతోంది, ఇంకోవైపు పెరుగుతోంది. అలా చెవితోనే నడుచుకుంటూ వెళ్ళి, కార్పెట్ కింద నా వైరు పక్కనే పడుకున్న సీరియల్ బల్బుల తీగని పట్టి బయటికి లాగాడు. గుర్రు ఆగింది. నన్ను ఒక్క మాట అనలేదు.

కొత్త తీగలు మద్రాసు నుంచి రావాలి, ఖరీదెక్కువ. మురికి పట్టి మోత తగ్గితే పాతవే ఊడదీసి, నీళ్ళలో వేసి పొయ్యి మీద మరిగించి, ఆరబెట్టి మళ్ళీ బిగించేవాడు. షాహీదా, అతని భార్య, నేను వెళ్ళినప్పుడు నవ్వుతూ అనేది: "కూర్చోండి అన్నయ్యా, ఈ పూట మా ఇంట్లో తీగల పులుసు. మీ స్నేహితుడు స్వయంగా వండుతున్నారు."

తొంభై ఎనిమిది డిసెంబరులో నా కుడిపక్క బేస్ బాక్సులో స్పీకర్ అట్ట చిరిగింది. బాగు చేయించి తెచ్చాను. మర్నాడు గుడివాడలో ప్రోగ్రాము. లోపలి వైరు ఎలుకలు కొరికేశాయి, మార్చాలి. ఎర్రదీ నల్లదీ జంటగా ఉండే వైరు అయిపోయింది, ఆదివారం కావడంతో కొట్లు లేవు. ఇంట్లో పెళ్ళి లైట్లకి వాడే పసుపు వైరు ఉంటే అదే వాడాను. రెండు పోగులూ పసుపే. అలాంటప్పుడు ప్లస్ ఏదో తెలియడానికి ఆ పోగుకి రెండు కొసలా ముడి వెయ్యడం మా వాళ్ళందరి అలవాటు. నేనూ వేశాను. లోపలి కొస ముడి బాక్సు రంధ్రంలో పట్టలేదు. విప్పి, దూర్చి, రెండు కొసలూ అతికాను. ఏ పోగు ప్లస్సో మళ్ళీ చూసుకోలేదు.

రెండు బాక్సులూ ఒకేసారి గాలిని ముందుకి నెట్టాలి. ఒకదాని వైరు తిరగబడితే ఒకటి నెడుతుంది, ఇంకోటి లాగుతుంది. లోతైన మోత రెండింటి మధ్యా చచ్చిపోతుంది. పక్కలకి కూర్చున్నవాళ్ళకి బాగానే వినిపిస్తుంది. నా మిక్సర్ ఎప్పుడూ ఎడమ బాక్సు పక్కనే, కాబట్టి నాకు లోటు లేదు. కరిముల్లా వెనక అతని చిన్న యాంప్లిఫయరు ఉంటుంది, అతనికీ లోటు లేదు. సరిగ్గా మధ్యలో కుర్చీలు వేసుకునేది కమిటీ పెద్దలు. మిమిక్రీ నడిచేటప్పుడు తిరుపతిరావు గారు దిగి కూర్చునేదీ అక్కడే.

గుడివాడలో ఆయనకి బేస్ వినపడలేదు. రెండు రోజుల తర్వాత కూచిపూడి దగ్గర ఒక ఊళ్ళో సాయంత్రం సౌండ్ చెక్ చేస్తుంటే మధ్యలో నిలబడి చెయ్యెత్తారు.

"ఏమయ్యా కరిముల్లా, గిటారు వాయిస్తున్నావా, పరుపు దులుపుతున్నావా?"

అందరూ నవ్వారు. కరిముల్లా కూడా నవ్వి, డబ్బా తెరిచాడు. వైరు మార్చాడు. జాక్ మార్చాడు. తన యాంప్లిఫయరు తప్పించి తిన్నగా నా మిక్సర్‌కి కలిపాడు. ప్రతిసారీ తిరుపతిరావు గారు తల అడ్డంగా ఊపారు. చివరికి కరిముల్లా టార్చి సెల్లు చేతిలో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. బాక్సు వైరుకి సెల్లు తాకిస్తే స్పీకర్ అట్ట ముందుకి దూకుతుంది. తిరగబడి ఉంటే లోపలికి పోతుంది. అర నిమిషం పని.

"హరీ, నీ బాక్సులు ఓసారి చూద్దామా?"

"మొన్ననే బాగు చేయించా. నా బాక్సుల జోలికి రాకు."

"అది కాదయ్యా. అన్నీ చూశాం. ఇక మిగిలింది నీ బాక్సులు, నా వేళ్ళు."

"బాక్సులు కావు," అన్నాను.

పదిమంది ముందు నా పని తప్పని తేలడం నాకిష్టం లేదు. ఇంత కాలం తర్వాత కూడా దానికి ఇంతకన్నా మంచి కారణం దొరకలేదు. పసుపు వైరు, విప్పిన ముడి, ఆ క్షణంలోనే నా కళ్ళ ముందు మెదిలాయి. మెదిలినా ఆ మాటే అన్నాను.

అతను సెల్లు డబ్బాలో పెట్టేశాడు. ఆ ఏడు రంజాను నెల క్రిస్మస్‌కి నాలుగైదు రోజుల ముందే మొదలైంది. కరిముల్లా ఒక్కపొద్దు ఉండి వచ్చి, పొద్దు గుంకాక స్టేజి వెనక ఖర్జూరం నోట్లో వేసుకుని వాయించేవాడు. తిరుపతిరావు గారికి కారణం దొరికింది.

"మరి పొద్దస్తమానం పచ్చి మంచినీళ్ళు కూడా ముట్టకపోతే వేళ్ళలో సత్తువ ఎక్కణ్ణించి వస్తుందయ్యా! నీ భక్తికి నేను అడ్డు రాను కానీ, నా ప్రోగ్రాముకి అడ్డు రాకుండా చూసుకో."

ఆ మాట కరిముల్లా నమ్మాడు. అంత పద్ధతి గల మనిషి, అన్నీ ఒక్కొక్కటే తీసేసుకుంటూ వచ్చినవాడు, చివరికి మిగిలింది తన వేళ్ళే అని నమ్మాడు. నా మాట మీద నమ్మాడు.

ముప్ఫయ్యో తేదీ మచిలీపట్నం. నాలుగింటికి వ్యాన్ పక్కన అందరం టీ తాగుతున్నాం. కరిముల్లా వచ్చి నా పక్కన నిలబడి, ఎవరి మొహమూ చూడకుండా, "నాకూ ఒకటి," అన్నాడు. అతను ఒక్కపొద్దు వదిలేశాడని అర్థమైంది. వైరు సంగతి చెప్పడానికి అంతకంటే మంచి సమయం రాదు. గ్లాసు అందుకుని అతని చేతికిచ్చింది నేనే. మర్నాడు పటమటలో న్యూ ఇయర్ ప్రోగ్రాముకీ ఒక్కపొద్దు లేకుండానే వచ్చాడు. రెండు రోజులూ వేళ్ళు బొబ్బలెక్కేలా వాయించాడు. మధ్యలో కూర్చున్నవాళ్ళకి రెండు రోజులూ ఏమీ వినపడలేదు.

"ఇక పరుపులు చూసుకోవయ్యా," అన్నారు తిరుపతిరావు గారు. "బేస్ మన జీవరత్నం కీబోర్డు మీద ఎడం చేత్తో లాగించేస్తాడు."

జనవరి రెండున నేను బాక్సులు ఇంటి వరండాలో పెట్టి, టార్చి సెల్లు తాకించాను. ఎడమ అట్ట ముందుకి దూకింది. కుడి అట్ట లోపలికి పోయింది. నమ్మలేనట్టు మళ్ళీ మళ్ళీ తాకించాను, నమ్మకపోవడానికి ఏమీ లేకపోయినా. వైరు సరిచెయ్యడానికి పది నిమిషాలు పట్టింది. మర్నాడు తెనాలిలో జీవరత్నం ఎడమచెయ్యి మోగిన మోతకి ముందు వరస కుర్చీలు అదిరాయి.

"చూశారా?" అన్నారు తిరుపతిరావు గారు అందరివైపూ తిరిగి. "నేను చెప్పలా?"

నేను మిక్సర్ మీదకి వంగి ఏదో బటన్ సర్దుతున్నట్టు ఉన్నాను. నా తప్పుని నేను దిద్దుకున్న రోజే అతని తప్పు రుజువైపోయింది.

ఆ తర్వాత వేరే ట్రూపుల వాళ్ళూ కరిముల్లాని పిలవలేదు. ఈ ఊళ్ళో వాయించేవాళ్ళందరిదీ ఒకే టీ కొట్టు. మాట అక్కడ ఒకరోజులో తిరుగుతుంది. అతనూ ఎవరినీ అడగలేదు. నేను చెబుదామని వన్ టౌన్ వెళ్ళేవాణ్ణి. ఊరికే వెళితే బాగుండదని దిండ్లు పట్టుకెళ్ళేవాణ్ణి. దిండ్లు కుట్టించుకుని వచ్చేసేవాణ్ణి. మా ఇంట్లో మనుషుల కన్నా దిండ్లు ఎక్కువయ్యాయి.

రెండు వేల ఐదు మార్చిలో చెప్పాను. అప్పటికి డీజేలు వచ్చి ఆర్కెస్ట్రాలు సన్నగిల్లాయి, నా బాక్సులు మూలన పడ్డాయి. కరిముల్లా కొట్లో కింద కూర్చుని పరుపు అంచు కుడుతున్నాడు. షాహీదా దూది తూకం వేస్తోంది.

"కరిముల్లా, ఆ తొంభై ఎనిమిదిలో బేస్ రాకపోవడం నీ వేళ్ళ వల్ల కాదు. నా కుడి బాక్సు వైరు తిరగబడింది."

సూది ఆగింది.

"నీకెప్పుడు తెలిసింది?"

"జనవరి రెండున."

"ఏ సంవత్సరం జనవరి?"

చెప్పాను. అతను సూది పరుపుకి గుచ్చి, ఎడమచెయ్యి ఎదురుగా పెట్టుకుని వేళ్ళు ముడిచాడు, తెరిచాడు. కోపం వస్తుందనుకున్నాను. మొహం విచ్చుకుంది. దానికి నేను సిద్ధంగా లేను.

"షాహీదా, విన్నావా? వేళ్ళు కాదంట!"

షాహీదా నవ్వలేదు. "ఆరేళ్ళ నుంచి ఆ చేతులకి నూనె రాస్తున్నా అన్నయ్యా. నరాల బలానికని ఎన్ని మందులు మింగారో. పండక్కి పిల్లలు వాయించమని గోల చేసినా గిటారు కవరు తియ్యలేదు. ఆ రెండు ఒక్కపొద్దులంటారా, పండగ వెళ్ళాక ఉండి తీర్చుకున్నారు. అది పైవాడికీ ఆయనకీ మధ్య సంగతి. మీది మీరు చూసుకోండి." తక్కెడ అక్కడే వదిలేసి లోపలికి వెళ్ళిపోయింది.

కరిముల్లా మొహంలో వెలుగు అప్పటికే తగ్గింది. "తిరుపతిరావు గారికి చెప్పావా?"

"ఆయన పోయి మూడు నెలలైంది కదా."

"తెలుసు, వెళ్ళొచ్చా. పోకముందు చెప్పావా అని."

"లేదు."

"అంటే ఆయన పోయేదాకా ఆగావు."

అలా అనుకుని ఆగలేదు. కానీ ఆయన పోయిన కబురు విన్నాకే నా నోరు తెరుచుకుందన్నది నిజం. 

అతను మళ్ళీ సూది తీసుకుని నాలుగు కుట్లు వేశాడు. "ఆ బాక్సులు ఉన్నాయా?"

"ఉన్నాయి."

"ఆదివారం పొద్దున వస్తా. ఆ రోజు ఎలా కలిపావో అలాగే కలిపి పెట్టు."

ఆదివారం రిక్షాలో వచ్చాడు. తీగలు ముందురోజే మరిగించి బిగించినట్టున్నాడు, మెరుస్తున్నాయి. మా ఇంటి వెనక ఖాళీ స్థలంలో బాక్సులు పెట్టి ఉంచాను. అడుగులు లెక్కపెట్టి, స్టేజి ఎంత వెడల్పుంటుందో అంత ఎడంగా జరిపించాడు. జర్దా డబ్బా తెరిచి సెల్లు తీశాడు. ఎడమది ముందుకి, కుడిది లోపలికి. "ఊఁ," అన్నాడు, రాయాల్సిన తీర్పేదో రాసినట్టు. గిటారు తగిలించుకున్నాడు.

"వెళ్ళి మధ్యలో నిలబడు. కమిటీ వాళ్ళు కుర్చీలు వేసుకునే చోట."

నిలబడ్డాను. తిరుపతిరావు గారు ప్రతి ప్రోగ్రామూ మొదలుపెట్టే వినాయకుడి పాట ఎత్తుకున్నాడు. వేళ్ళు కదులుతున్నాయి, లావు తీగ వణకడం కంటికి కనిపిస్తోంది. నాకు వినిపించేది మాత్రం తీగ మీద వేలు తగిలే చిటచిట. అడుగున ఉండాల్సిన బరువు లేదు. అన్నేళ్ళు సౌండ్ పెట్టినవాణ్ణి, ఆ చోట నిలబడి వినడం అదే మొదలు. ఉండబట్టలేక రెండడుగులు ఎడమకి వేశాను. బేస్ వచ్చి గుండె మీద తన్నింది. ఏ తప్పూ లేదు, ఒక్క దెబ్బ కూడా తడబడలేదు.

"కదలకు," అన్నాడు వాయిస్తూనే. "మధ్యలోనే ఉండు."

మళ్ళీ మధ్యలోకి వచ్చాను. పాడేవాళ్ళు లేకుండా, డ్రమ్ములు లేకుండా పాట మొత్తం వాయించాడు. అయిపోయాక వైరు సరిచెయ్యడానికి కుడి బాక్సు దగ్గరికి వెళ్ళి వంగాను.

"ఉండనీ హరీ," అన్నాడు, తీగలు శ్రుతి చేసుకుంటూ. "అది గుడివాడ. ఇంకా మూడు ప్రోగ్రాములున్నాయి."

నేను వెనక్కి వెళ్ళి మధ్యలో నిలబడ్డాను.