చిన్నప్పుడు నేనెంత బుద్ధిమంతురాలినో

నాకు ఏకాగ్రత లోపం ఉందని అమెరికాలో ఒక డాక్టరును నమ్మించడానికి సాక్ష్యంగా మా అమ్మను తీసుకెళ్లాను. నేను చేసిన తెలివితక్కువ పనుల్లో అది మొదటిది కాదు కానీ, మొదటి వరుసలోదే.

అప్పుడు నేను షికాగోలో ఎమ్మెస్ రెండో సెమిస్టర్‌లో ఉన్నాను. నేపర్‌విల్‌లో అక్కావాళ్లింట్లో ఉంటూ రోజూ ట్రైన్‌లో యూనివర్సిటీకి వెళ్లొచ్చేదాన్ని. సాయంత్రం తిరిగొచ్చేటప్పుడు పుస్తకం తెరిచి ఒళ్లో పెట్టుకుని, దిగాల్సిన స్టేషన్ దాటిపోయి చివరి స్టేషన్ అరోరాలో తేలేదాన్ని. బావ కారేసుకుని వచ్చేవాడు. "చదువులో పడి మర్చిపోయావా?" అనేవాడు పాపం. చదివి ఏడిస్తే ఆ బాధ ఉండేదే కాదు. ఒకే పేరా మీద నా కళ్లు పదిసార్లు నడిచేవి, ఒక్కసారి కూడా ఆగేవి కావు.

ఆ సెమిస్టర్‌లో ఒక మిడ్‌టర్మ్‌కి ఆలస్యంగా వెళ్లాను. గంట కాదు, ఒక రోజు ఆలస్యం. ఖాళీ క్లాస్‌రూమ్‌లో కూర్చుని, ఈసారి అందరికంటే ముందు నేనే వచ్చానని కాసేపు మురిసిపోయాను కూడా.

మొదటి సెమిస్టర్ గ్రేడ్లకే నన్ను ప్రొబేషన్‌లో పెట్టారు. ఇది కూడా పోతే యూనివర్సిటీ పంపించేస్తుంది, ఎఫ్-1 స్టూడెంట్ వీసా పోతుంది, పెట్టె సర్దుకోవడమే. అడ్వైజర్ చివరికి ఒక దారి చెప్పింది. హెల్త్ సెంటర్‌లో పరీక్ష చేయించుకుని డాక్టర్ దగ్గర లెటర్ తెస్తే, వీసాకు ఇబ్బంది లేకుండా ఒక సబ్జెక్ట్ తగ్గించుకోవచ్చు, పరీక్షల్లో టైమ్ కూడా ఎక్కువ ఇస్తారు. నా చదువంతా ఆ ఒక్క లెటర్ మీద నిలబడింది.

ఇంట్లో చెప్పాను. చెప్పకుండా ఉండాల్సింది.

"ఎంసెట్‌లో అంత ర్యాంక్ తెచ్చుకున్నదానివి, నీకు డిజార్డర్ ఏంటి? ఇక్కడ ప్రతిదానికీ ఒక పేరు పెడతారు," అన్నాడు బావ. ఆ ర్యాంక్ నాది కాదు బావా, మా రెసిడెన్షియల్ కాలేజీ వార్డెన్‌ది అని నెత్తీ నోరూ కొట్టుకున్నాను. తెల్లారకముందే తలుపు బాది లేపి, పుస్తకం మీంచి తల ఎత్తితే కర్రతో బల్ల మీద కొట్టేవాడు. నేను జోక్ చేస్తున్నాననుకుని బావ నవ్వాడు. ఫోన్ పక్కన పడేస్తే అదే కుదురుతుందని అక్క అంది. ఆర్నెల్లు ఉండి వెళ్దామని వచ్చిన అమ్మ, లోపలికి వెళ్లి సూట్‌కేస్‌లోంచి సరస్వతి ఆకు పొడి తెచ్చి తేనెలో కలిపింది. అది కూడా మింగాను. ఇంకేం చెయ్యను?

డాక్టర్ ఒక మధ్యవయసు ఆవిడ, నెమ్మదిగా మాట్లాడుతుంది. మూడుసార్లు వెళ్లాక అంది: "ఇది పెద్దయ్యాక కొత్తగా వచ్చేది కాదు. చిన్నతనం నుంచీ ఉండాలి. మిమ్మల్ని చిన్నప్పుడు దగ్గర నుంచి చూసినవాళ్లతో మాట్లాడకుండా నేనేమీ రాయలేను." అమ్మ ఇక్కడే ఉందని సంబరంగా చెప్పాను.

ముందురోజు అమ్మ అడిగింది, "ఆవిడతో ఏం చెప్పమంటావే?"

"ఉన్నది ఉన్నట్టు చెప్పు. నేను చిన్నప్పుడు ఎలా ఉండేదాన్నో అదే."

"ఆ కాగితం ఎవరికైనా చూపిస్తారా? రేపు సంబంధాలు చూసేటప్పుడు..."

"ఎవరికీ చూపించరమ్మా!"

నమ్మలేదని మర్నాడు పొద్దున్న తెలిసింది. పట్టుచీర కట్టుకుని దిగింది.

అమ్మకు ఇంగ్లిష్ అంతంతమాత్రం, అక్క అనువాదం చేయాలి. నేను గదిలో ఉండొచ్చు కానీ నోరు విప్పకూడదు. ఇది డాక్టర్ పెట్టిన షరతు. జీవితంలో నేను ఒప్పుకున్న షరతులన్నిటిలో అంత కష్టమైనది మరొకటి లేదు.

"చిన్నప్పుడు ఈమె బళ్లో శ్రద్ధగా ఉండేదా?" అని డాక్టర్ అడిగింది.

"మా చిన్నది బంగారమండీ," అంది అమ్మ. "ఎప్పుడూ ఫస్టే. ఒక్క టీచర్ కూడా ఒక్క మాట అనలేదు."

అక్క దాన్ని ఇంకాస్త మెరుగుపెట్టి ఇంగ్లిష్‌లోకి మార్చింది. అరికాలి మంట నెత్తికెక్కింది. క్లాసులో కిటికీ పక్క కూర్చోనివ్వకూడదని మా అయిదో తరగతి టీచర్ అమ్మను పిలిపించి మరీ చెప్పింది. అమ్మ ఆరోజు ఇంటికొచ్చి ఏడ్చింది. ఇప్పుడేమో పెళ్లిచూపుల్లో కూర్చున్నట్టు కూర్చుని, కొంగు సర్దుకుంటూ నన్ను అమ్మకానికి పెడుతోంది.

"వస్తువులు పోగొట్టుకునేదా?"

"అబ్బే. అన్నీ పదిలంగా ఉండేవి."

డాక్టర్ రాసుకుంటోంది. ఆ పెన్ను కదిలినప్పుడల్లా ఇండియా ఫ్లైట్ ఎక్కుతున్నట్టే ఉంది నాకు. నేను అక్క వైపు గుడ్లురిమి చూశాను. అక్క భుజాలెగరేసింది.

"పదిలంగా ఎలా ఉండేవి?" అని అడిగింది డాక్టర్, తల ఎత్తకుండానే.

అమ్మకు ఉత్సాహం వచ్చింది. "నేను చూసుకునేదాన్ని కదండీ. బాక్స్‌ని బ్యాగ్‌కి తాడేసి కట్టేదాన్ని. పెన్సిల్‌కి దారం కట్టి మెళ్లో వేసేదాన్ని. గొడుగు ఇచ్చేదాన్నే కాదు, వానొస్తే నేనే వెళ్లేదాన్ని."

అక్క అనువాదం కొంచెం నెమ్మదించింది.

"హోమ్‌వర్క్?"

"ఒక్కరోజు మానలేదండీ. నేను పక్కన కూర్చునేదాన్నిగా! వేలు పెట్టి చూపిస్తే ఆ లైన్ చదివేది. వేలు తీస్తే ఆగేది, మళ్లీ పెట్టేదాన్ని. అన్నం ముద్దలు కలిపి నోట్లో పెడుతూ సోషల్ అప్పజెప్పించుకునేదాన్ని. లేచి వెళ్లకుండా దాని గౌను అంచు నా మోకాలి కింద పెట్టుకునేదాన్ని." అమ్మ నవ్వింది. "అంత మాట వినే పిల్ల అండీ."

అక్క అంతా చెప్పింది, ఈసారి ఏ మెరుగూ పెట్టకుండా. డాక్టర్ పెన్ను కింద పెట్టేసింది.

"ఎన్నాళ్లు అలా కూర్చున్నారు?"

"పదో తరగతి అయ్యేదాకా. తర్వాత కాలేజీలో వార్డెన్ ఉన్నాడుగా. ఇంజనీరింగ్‌కి మళ్లీ ఇంటి నుంచే వెళ్లింది, మళ్లీ నేనే."

"మీరు పక్కన లేనప్పుడు ఏం చేసేది?"

అక్క అడిగింది. అమ్మకు ప్రశ్నే అర్థం కాలేదు. "నేను లేకపోవడం ఏంటి?" అంది. "పిల్ల చదువుకుంటుంటే నేనెక్కడికి పోతాను?"

మా అమ్మ పేరంటాలకు వెళ్లేది కాదు. సినిమాలకు వెళ్లేది కాదు. చిన్నమ్మ పెళ్లికి కూడా నా క్వార్టర్లీ పరీక్షలని ముహూర్తం వేళకే వెళ్లి, భోజనం కాగానే వచ్చేసింది. ఆమెకు అవేవీ ఇష్టం లేవేమో అనుకుంటూ పెరిగాను. ఆ కుర్చీలో కూర్చుంటే నాకు సిగ్గేసింది, దాంతోపాటు కోపం కూడా వచ్చింది. ఎవరి మీదో తెలియదు.

డాక్టర్ ఈసారి నన్ను చూస్తూ అడిగింది, "మరి ఇప్పుడు ఈమె పక్కన ఎవరు కూర్చుంటున్నారు?"

నోరు విప్పకూడదన్నారు కాబట్టి విప్పలేదు. అక్క అనువాదం మొదలుపెట్టేలోపే అమ్మ తలెత్తింది.

"నోబడీ," అంది. "నోబడీ, మేడమ్."

లెటర్ ఆ తర్వాతి వారం వచ్చింది. ఒక సబ్జెక్ట్ తగ్గింది, పరీక్షల్లో టైమ్ పెరిగింది, మందులు మొదలయ్యాయి. ఆ సెమిస్టర్ గట్టెక్కాను, అతి కష్టం మీద. కానీ అవన్నీ తర్వాతి సంగతులు. ఆ రోజు అక్క కారు నడుపుతుంటే అమ్మ ముందు సీట్లో కూర్చుంది. నేను వెనక సీట్లో కూర్చుని, పట్టుచీర మీద అమ్మను ఏదో ఒకటి అనాలని మాటలు వెతుక్కుంటున్నాను.

హైవే ఎక్కాక అమ్మ వెనక్కి తిరగకుండానే అడిగింది, "అయితే నేనలా కూర్చోబట్టే నీకిలా అయిందంటారా వాళ్లు?"

"నువ్వు కూర్చోకపోతే నేను అయిదో క్లాసు కూడా దాటేదాన్ని కాదమ్మా!" అని గట్టిగా అరిచాను. ఆ మాట మెల్లగా చెప్పడం నాకు చేతకాలేదు.