చెప్పుతో కప్పిన నత్తగుల్లలు

మొన్న ముసురులో మా చెల్లెలి మనవరాలి ఓణీల ఫంక్షన్‌కని ఆకివీడు వెళ్తుంటే, రోడ్డుపక్క మోకాటిలోతు నీళ్ళలో ‘స్థలం అమ్మబడును’ అన్న బోర్డు ఒకటి ఒరిగిపోయి కనిపించింది. హమ్మయ్య, ఇలాంటిది నేను అమ్మలేదు అనుకుంటూ రెండు చేతులూ జోడించేశాను. ఏదో గుడి వచ్చిందనుకుని మావారు కూడా దణ్ణం పెట్టేశారు!

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో నేను ఏలూరులో ఒక స్థలాల కంపెనీలో పనిచేసేదాన్ని. షాపులకీ గోదాములకీ స్థలాలు ఆడమనిషి అమ్మడమేమిటని మా వీధంతా బుగ్గలు నొక్కుకునేది. ఆరు నెలల్లో ఒక్కటైనా అమ్మకపోతే మళ్ళీ టైపు పనిలో కూర్చోబెడతానని మా మేనేజరుగారు మొహం మీదే చెప్పారు. టైపు చేతకాక కాదు, ఓడిపోయి వెళ్ళి కూర్చోవడం నావల్ల కాదనిపించింది.

ఆరో నెల వచ్చేసింది. రోళ్ళు పగిలే రోహిణి ఎండలో నల్లజర్ల నుంచి ఒక రైతూ ఆయన భార్యా వచ్చారు. పొగాకు చేను అమ్మేసి, ఇక్కడ ధాన్యం గోదాము కట్టి దాని అద్దెల మీద బతుకుదామని వాళ్ళ ఆలోచన. మెట్ట మనుషులు, పాపం, నీళ్ళకోసం బోర్లు వేయించడమే గానీ నీళ్ళే మీదికి రావడం ఎరగరు. నేనేమో కొల్లేటి లంకలో పుట్టినదాన్ని. వాళ్ళకి చూపించడానికి తీసుకెళ్ళిన స్థలంలో, బీటలు వారిన నేలలో తెల్లగా నత్తగుల్లలు కనబడగానే, వానాకాలంలో ఇదంతా చెరువేనని తెలిసిపోయింది. తెలిసీ, సిగ్గు విడిచి చెప్తున్నాను, ఆవిడ అటు వంగబోతుంటే గబుక్కున చెప్పుతో మట్టి తోసి వాటిని కప్పేశాను.

ఆయనకి స్థలం నచ్చింది, మర్నాడే బయానా ఇస్తానన్నారు. తుమ్మచెట్టు నీడన ఆవిడ క్యారేజీ విప్పి, పెరుగన్నం, మాగాయ టెంక ముందు నాకే పెట్టింది.

“తినండమ్మా. ఇందాక నేను చూశానండీ, తేలుని చెప్పుతో తొక్కేశారు కదా! మీరు లేకపోతే కుట్టేసుండేదండీ” అంది.

కలిపిన ముద్ద అలాగే వదిలేశాను. చెయ్యి కడుక్కుని వెళ్ళి, ఆ మట్టి గీకి, గుల్లలు తెచ్చి ఆవిడ చేతిలో పెట్టాను. “తేలు కాదండీ, ఇవండీ. ఇక్కడ నీళ్ళు నిలుస్తాయి. మీకు కనబడకూడదనే కప్పేశాను” అన్నాను. ఆయన లేచి బస్సు కోసం రోడ్డెక్కేశారు. ఆవిడ మాత్రం, “అన్నం వదిలేశారేంటమ్మా, తినండి” అంది. అప్పుడొచ్చింది చూడండి ఏడుపు!

విషయం తెలిసి మేనేజరుగారు గుల్లలు చూపించి ఎవరైనా స్థలం అమ్ముతారా అని అగ్గిమీద గుగ్గిలమయ్యారు. మర్నాటినుంచి టైపు పనే. వానలు పడ్డాక ఆ దంపతులే వెతుక్కుంటూ వచ్చి, నేను చూపిస్తేనే కొంటామని మేనేజరుగారి ముందు భీష్మించుకు కూర్చున్నారు. తాడేపల్లిగూడెం అవతల మెరక స్థలం, జోరువానలో గొడుగు పట్టుకుని మరీ చూపించాను. ఆ గోదాము ఇప్పటికీ ఉంది. ఆ తరువాత పదేళ్ళూ నేను ఏ స్థలమైనా ఒక వాన చూశాకే అమ్మాను.

ఇప్పుడు స్థలాలు కూడా ఫోనులోనే చూసేసి, ఫోనులోనే బేరం కుదుర్చుకుంటున్నారు. అమ్మే పిల్లలు నాకంటే చురుకైనవాళ్ళే, చెడ్డవాళ్ళేమీ కాదు. ఆనాటి నేను మాత్రం వాళ్ళకంటే మంచిదాన్నా? నన్ను కాపాడింది నా మంచితనం కాదు, ఆ పెరుగన్నం. ఫోనులో అమ్మే ఈ పిల్లలకి ఎదురుగా కూర్చుని ఓ ముద్ద పెట్టేవాళ్ళేరీ?