కుర్చీ వెయ్యనివ్వని టీచరమ్మ

ఉదయగిరిలో కిరాయి దించి టీ తాగుతుంటే ఫోను వచ్చింది, టీచరమ్మ పోయిందని. నెల్లూరు ఆసుపత్రిలో చేర్చారని తెలుసు. నయమై వస్తుందనే అనుకున్నాను. గ్లాసు అక్కడే పెట్టేసి నా ఆటో తీశాను.

అనంతసాగరం దగ్గర మా ఊరి బడిలో నాకు అక్షరాలు దిద్దించింది ఆమే. బదిలీల్లో తిరిగి తిరిగి మళ్లీ మా ఊరికే వచ్చింది. రోజూ ఆత్మకూరు నుంచి నా షేర్ ఆటోలోనే ప్రయాణం. ఇప్పుడు నా కూతురికి మూడో తరగతి చెబుతోంది. చెబుతుండేది.

ఆమెకు ఊరికే నమ్మడం అలవాటు లేదు. అంతా ఎక్కారని నేనంటే సరిపోదు, తల బయటపెట్టి తనే చూసుకోవాలి. మధ్యాహ్న భోజనానికి వచ్చిన కోడిగుడ్డును చెవి దగ్గర ఊపి చూసిగానీ ఉడకనిచ్చేది కాదు. మేం నవ్వుకునేవాళ్లం.

ఆ అనుమానం బడి విషయంలో మరీ ముదిరింది. కొత్తది కడతామని పాతదాన్ని చిటికెలో కూలగొట్టారు. కొత్తది స్తంభాల దాకా లేచి ఆగింది. బిల్లు రాలేదని కాంట్రాక్టరు, ఫైలు పైన ఉందని ఆఫీసు. అప్పటి నుంచి బడి మా బాప్టిస్టు చర్చిలోనే నడుస్తోంది.

మొదటిసారి ఆఫీసరు తనిఖీకి వస్తున్నాడంటే ఊరంతా పెళ్లికి చేసినంత హడావుడి చేశాం. చర్చికి సున్నం కొట్టాం, బెంచీలు కడిగాం, ఎవరింట్లోదో స్టాండు ఫ్యాను తెచ్చి పెట్టాం. ఆయన కొబ్బరి బోండాం తాగి, చల్లగా కూర్చొని, పిల్లలకు వసతి బాగుందని రాసుకుపోయాడు. వసతి ఉన్న బడికి తొందరేముంది? మా పని వెనక్కి పోయింది. మర్యాద చేసి మా నోట్లో మేమే మట్టి కొట్టుకున్నాం.

"ఇకమీదట ఎవురొచ్చినా కుర్చీ వెయ్యబాకండి," అంది టీచరమ్మ. "కూర్చున్నోడు బాగానే ఉండాదని రాస్తాడు."

తర్వాత ఇంజనీరు వచ్చినప్పుడు మా ఊరి పెద్దాయన ఉండబట్టలేక కుర్చీ మోసుకొచ్చాడు. "తీసకపో నాయనా, సారు నిలబడే మాట్లాడతాడు," అని పంపేసింది. పిల్లల్ని ఆ స్తంభాల మధ్య ఎండలో నిలబెట్టింది, తనూ నిలబడింది. ఇంజనీరు చెమటలు తుడుచుకుంటూ, వచ్చే నెల పని మొదలవుతుందన్నాడు.

"ఏ నెలకి వచ్చే నెల సార్?"

ఆయన నవ్వాడు. ఆమె నవ్వలేదు.

ఆ సాయంత్రం ఆటోలో నాతో అంది: "వీళ్లు మర్చిపోయినారనుకుంటా ఉండావా? ఎదురుచూస్తా ఉండారు."

"దేనికి మేడం?"

"పిల్లోళ్లు తగ్గేదానికి. కట్టకపోతే పిల్లోళ్లు పోతారు. పిల్లోళ్లు పోతే కట్టే పనే ఉండదు. అప్పుడు బడి మూసినా అడిగేవోడు ఉండడురా."

ఇంత అనుమానమా అనుకున్నాను. ఆ తర్వాత ఆత్మకూరు కాన్వెంటు బస్సు మా ఊరి మలుపు దాకా రావడం మొదలుపెట్టింది, కొందరు పిల్లలు అదెక్కేశారు. టీచరమ్మ ఇల్లిల్లూ తిరిగి, గడపలో నిలబడే బతిమాలి, మిగిలినవాళ్లను నిలబెట్టుకుంది.

ఎన్నిసార్లు పిలిచినా తీరిక లేని ఆఫీసువాళ్లు టీచరమ్మను సమాధి చేసిన రోజున మాత్రం నిలువెత్తు దండతో వచ్చారు. ఫైలు కదలదు గానీ దండ ఎంత త్వరగా దొరికిందో!

"సోమవారానికి వేరే టీచరును పంపిస్తాం. ఇబ్బందైతే కొన్నాళ్లు పిల్లల్ని పక్కూరి బడికి పంపండి," అన్నాడు వాళ్లలో పెద్దాయన.

"కొన్నాళ్లంటే ఎన్నాళ్లు సార్?" అంది నా భార్య. ఆయన ఫోను చూసుకున్నాడు. పక్కూరి బడికి పోవాలంటే లారీలు తిరిగే రోడ్డు దాటాలి. నాకు దుఃఖం ఆగలేదు. ఆమె పోయినందుకు కొంత, ఆమె అన్నంతా జరుగుతున్నందుకు కొంత.

సోమవారం ఆత్మకూరు స్టాండులో కొత్త టీచరు కోసం కాచుకొని కూర్చున్నాను. ఎవరూ రాలేదు. ఖాళీ సీటుతోనే ఊరికి పోయాను.

చర్చి తలుపులు వేసే ఉన్నాయి. తల్లులు పిల్లల్ని తీసుకొచ్చి స్తంభాల మధ్య కూర్చోబెట్టారు. "ఎవురన్నా వచ్చి చూస్తే ఈడనే చూడాల," అంది నా భార్య. స్తంభం నీడ సన్నది. పిల్లలు అందులో ఒకరి వెనక ఒకరు కూర్చొని, నా కూతురు చదువుతుంటే గట్టిగా పలుకుతున్నారు. పొద్దెక్కేకొద్దీ నీడ పొట్టిదవుతోంది. పిల్లలు పలకలు పట్టుకొని ఒకరికొకరు దగ్గరగా జరుగుతున్నారు.