మార్స్ మట్టికి బియ్యం కడుగు

మార్స్ మట్టికి బియ్యం కడుగు పోసిన మొదటి మనిషి ఎవరని రేపు ఏ క్విజ్‌లోనో అడిగితే, దయచేసి నా పేరు చెప్పకండి! ఈ దసరా సెలవుల్లో జంషెడ్‌పూర్ వెళ్ళి నేను వెలగబెట్టిన నిర్వాకం అది. ఇంకా కాస్త పరువుతో మీ ముందు కూర్చుని టీ తాగుతున్నానంటే, మా మేనకోడలి చలవే.

మా తమ్ముడు అక్కడ కాసిడీహ్ అనే పేటలో ఉంటాడు. స్టీలు ప్లాంటులో కాంట్రాక్టు పని. వాడి కూతురు లావణ్య ఒక లాబ్‌లో రీసెర్చ్ చేస్తోంది. నేను వెళ్ళిన రోజు సాయంత్రమే ఆ పిల్ల ఆటో దిగింది, ఒళ్ళో పసిబిడ్డని పట్టుకున్నట్టు ఒక ట్రే పట్టుకుని. ట్రేలో ఆరు చిన్న కుండీలు. వాటిలో మెంతి మొలకలు.

"పూజా సెలవులకి లాబ్ మూసేశారు అత్తా. వీటికి నీళ్ళెవరు పోస్తారు? అందుకే మేడమ్‌ని అడిగి ఇంటికి తెచ్చేశాను."

మూడు కుండీల్లో మామూలు తోట మట్టి. మిగతా మూడింట్లో ఇటుక పొడిలాంటి ఎర్రమట్టి. "ఇది మార్స్ మట్టి" అంది. నేను రెండడుగులు వెనక్కి వేశాను.

"అక్కణ్ణుంచి తెచ్చింది కాదులే! రాతిపొడీ బంకమట్టీ కలిపి, ఆ గ్రహం మీది మట్టిలా ఇక్కడే తయారుచేస్తారు. మార్స్ మీద ఒకప్పుడు నీళ్ళు నిలిచిన చోట్ల బంకమట్టి ఉందట. అందుకే ఇందులో బంక పాలు ఎక్కువ. ఎరువు లేకుండా, ఒట్టి నీళ్ళతో మెంతి ఎంతవరకు వస్తుందో చూస్తున్నాం."

పండగయ్యాక ఈ కుండీల ఫలితం ఒక మీటింగ్‌లో చెప్పాలట. లావణ్య మొదటిసారి అంతమంది పెద్దల ముందు నిలబడేది అప్పుడే. ఈలోగా పక్కవీధి పూజా పందిరిలో ఆ పిల్లకి వాలంటీర్ డ్యూటీ. మా మరదలేమో పండక్కి పుట్టింటికి వెళ్ళింది. "నీళ్ళు నేను పోస్తానులే" అన్నాను.

లావణ్య సందేహంగా చూసింది. "కుండీకి సిరంజితో ఇరవై ఎం.ఎల్. డిస్టిల్డ్ వాటర్. అంతే అత్తా. ఇంకేమీ కలపకు."

"బడినిండా పిల్లలకి మధ్యాహ్న భోజనం పెట్టించేదాన్ని! ఆరు కుండీలకి నీళ్ళు పోయలేనా?"

పోయగలను. పోసి ఊరుకోవడమే చేతకాలేదు.

ట్రేలో ఆ చివర, గోడ పక్కన ఉండేది ఆరో నంబరు ఎర్రమట్టి కుండీ. మిగతావాటిలో మొలకలు గుంపుగా నిలబడితే, దాన్లో రెండే రెండు. అవీ పసుప్పచ్చగా, తలలు వాల్చి. నా సంగతి మీకు తెలుసు కదా! ఏ క్లాసుకి వెళ్ళినా నా చూపు ముందు పడేది వెనకబెంచీ మీదే. చదవలేని పిల్లని పక్కన కూర్చోబెట్టుకుని రెండు ముక్కలు ఎక్కువ చెప్పకపోతే నాకు ఆ పూట అన్నం సయించదు. ఆరో నంబరుని చూస్తే అచ్చం అలాగే అనిపించింది.

మొదటి రోజు నీళ్ళు పోస్తే, కంచంలో పోసినట్టు పైనే నిలబడ్డాయి. బంకమట్టి కదా! పాపం, గాలి ఎలా ఆడుతుంది? చీపురుపుల్ల తీసి నాలుగు కన్నాలు పొడిచాను. ఇది కలపడం కాదు కదా, పొడవడమే కదా అని సర్దిచెప్పుకున్నాను.

రెండోరోజు బియ్యం కడుగుతున్నాను. కడుగు పారబోయబోతే మనసొప్పలేదు. ఒక్క గుక్కెడు ఆరో నంబరుకి పోశాను. మూడోరోజు టీ వడగట్టాక మిగిలిన పొడిని కడిగి, దాని మొదట్లో చిటికెడు వేశాను. షిఫ్ట్ నుంచి అప్పుడే వచ్చిన తమ్ముడి కంట పడింది.

"ఏటప్పా ఇది? మొక్కకి టీ తాగిత్తన్నావా?" మా వైపు అక్కని అప్ప అంటాం.

"నీరసంగా ఉందిరా."

"అయితే బిస్కట్టు కూడా పెట్టకపోయావా!"

నవ్వుకోండి. కానీ నాలుగోరోజుకి ఆరో నంబరు తలెత్తింది! ఆకులు విచ్చాయి, పచ్చబడ్డాయి. పక్కనున్న నాలుగు, ఐదు నంబర్లలో మొలకలు గిడసబారి ఉంటే, ఇది మాత్రం తోటమట్టి మొలకలతో పోటీకి దిగింది. పాసయిన పిల్లని చూసినట్టు మురిసిపోయాను.

నాకంటే ఎక్కువ మురిసింది లావణ్య. పందిరి నుంచి వచ్చి ట్రే చూసి కేక పెట్టింది. "అరే వాహ్! పాపా, దేఖో నా!" అని వాళ్ళ నాన్నని పిలిచింది. "ఒట్టి నీళ్ళతోనే ఎంత పెరిగిందో!" స్కేలు పెట్టి కొలిచింది, ఫొటోలు తీసింది, వాళ్ళ మేడమ్‌కి ఫోన్ చేసింది. మేడమ్ తెలుగావిడే, వాళ్ళ నాన్నగారి కాలం నుంచీ ఇక్కడే స్థిరపడ్డారు. "రేపు దశమి కదా, మీ ఇంటికి వచ్చి చూస్తాను" అన్నారట.

తమ్ముడి వైపు చూశాను.

"ఊరుకోప్పా" అన్నాడు గొంతు తగ్గించి. "పిల్ల అంత సంబరంగా ఉంది. మొక్క పెరిగితే మంచిదే గదా, ఎవులికేటి నష్టం?"

ఎవరికి నష్టమో నాకు తెలుసు. ఏటా మూడో తరగతికి నేను చెప్పే కథ ఒకటుంది. ఒకాయన ముసలి ఎద్దుకి బెల్లంనీళ్ళు పట్టించి, ఊపుగా నిలబెట్టి, సంతలో అమ్మేశాడు. తెల్లారేసరికి ఎద్దు లేవలేదు. ఆ తర్వాత ఆయన నిజంగా మంచి ఎద్దుని తోలుకొచ్చినా సంతలో ఒక్కడూ కొనలేదు. ఈ కథకి నాకు మంచి పేరుంది. బెల్లంనీళ్ళు పట్టించింది నేనే అవుతానని, సంతలో నిలబడేది లావణ్య అవుతుందని ఎన్నడూ అనుకోలేదు.

దశమి రోజు మేడమ్ వచ్చారు. కుండీని అటూ ఇటూ తిప్పి చూశారు. "చాలా ఇంట్రెస్టింగ్ లావణ్యా! మీటింగ్‌లో దీంతోనే మొదలుపెడదాం. ఫొటో ఇప్పుడే అందరికీ పంపిస్తాను" అంటూ ఫోన్ తీశారు.

నేను టీ ట్రేతో గుమ్మంలో ఉన్నాను.

"పంపకండి మేడమ్! దానికి బియ్యం కడుగు పోశాను."

నోరు తెరిచాను కదా, మిగతాదీ కక్కేశాను. "టీ పొడి కూడా వేశాను. అంతకుముందు చీపురుపుల్లతో పొడిచాను."

"క్యా?" అంది లావణ్య. ముఖం వాడిపోయింది. ఆ పిల్ల కళ్ళలోకి చూడలేకపోయాను. గదిలోకి వెళ్ళింది. ఇంక తలుపేసుకుంటుందనుకున్నాను. పెన్నూ నోటుబుక్కూ పట్టుకుని తిరిగొచ్చి, నన్ను సోఫాలో కూర్చోబెట్టి ఎదురుగా కూర్చుంది.

"చెప్పు అత్తా. ఏ రోజు, ఎంత పోశావు?"

"రోజూ ఒక గుక్కెడు. నిన్న మాత్రం రెండు."

"గుక్కెడంటే ఎన్ని ఎం.ఎల్.?"

"అదీ... చేతికి తెలుస్తుంది."

"టీ పొడి?"

"చిటికెడు."

"ఎన్ని గ్రాములు?"

ప్రమాణం రాయలేదని పిల్లలకి ఏళ్ళ తరబడి అరమార్కు కోసిన చేయి ఇది. ఆ పాపమంతా ఆ సోఫాలో ఒక్కసారిగా తగిలింది.

ముందు నవ్వింది మేడమే. "టీచర్ గారూ, నా అనుమానం, మీ కన్నాలే పనిచేసి ఉంటాయి. బంకమట్టిలో వేళ్ళకి గాలి ఆడదు. కానీ మూడు పనులూ ఒకే కుండీకి చేసేశారు. ఏది పనిచేసిందో ఎలా చెప్పడం? ఈసారి ఒట్టి కన్నాలతో కొత్త కుండీలు పెడదాం. మీటింగ్‌లో మిగతా ఐదూ చూపిద్దాం లావణ్యా, అవి చాలు." మా తమ్ముడు పకోడీల పళ్ళెం ముందుకు తోశాడు, కేసు కొట్టేసినట్టు.

ఆవిడ వెళ్ళాక వంటింట్లో గిన్నెలు కడుగుతున్నాను. లావణ్య వెనకనుంచి వచ్చి నా భుజం మీద గడ్డం ఆనించింది. "ఇప్పుడు చెప్పావు కాబట్టి బతికిపోయాను అత్తా. మీటింగ్‌లో మొదలుపెట్టాక తెలిస్తే, నీ కథలో ఎద్దు ఓనర్నయ్యేదాన్ని."

గుర్తుంది పిల్లకి! చిన్నప్పుడు సెలవులకి మా ఊరొచ్చినప్పుడు విన్నది. ఒక్క మాట కసిరి ఉంటే నాకు బాధ తగ్గేది. కసరలేదు. ఎన్ని సంవత్సరాలు పాఠాలు చెప్పినా, ఒకరు తప్పు ఒప్పుకున్నప్పుడు ఎదుటివాళ్ళు ఎలా వినాలో నేను ఎవరికీ నేర్పలేదు. ఆ పిల్ల నాకు నేర్పింది. ఆ రుణం తీరేది కాదు.

నేను బయల్దేరే రోజు పొద్దున్న లావణ్య నోటుబుక్కు తెచ్చి నా ముందు పెట్టింది. ఆరు కుండీల పట్టిక. ఐదు వరుసల్లో అంకెలు. ఆరో వరుసలో ఒకటే వాక్యం: "లెక్కలోకి తీసుకోలేదు. కారణం: అత్త."

"కింద సంతకం పెట్టు" అంది.

పెట్టాను. పట్టిక ఎంత పొందికగా గీసిందో! గీతలు సూటిగా, ప్రతి అంకె పక్కనా ప్రమాణం. అలవాటైన చేయి కదా, హ్యాండ్‌బ్యాగులోంచి ఎర్ర పెన్ను తీసి, పక్కన టిక్కు పెట్టి "వెరీ గుడ్" అని రాయబోయాను.

లావణ్య పుస్తకం లాగేసుకుంది.

"అత్తా! ఇంకేమీ కలపకు!"