శాంక్షన్ అన్న మాట

తెలుగు నేలకి దూరంగా, హిందీ మాట్లాడే గమ్హరియాలో, ఒక కార్ఖానా టైమ్ ఆఫీసులో ముప్ఫై ఒక్క ఏళ్లు పనిచేశాను. సెలవు కాగితాలు చూడడం నా పని. బాగుంటే "శాంక్షన్డ్" అని ముద్ర కొట్టేవాణ్ణి, బాగోకపోతే వెనక్కి పంపేవాణ్ణి. సంతకం రానివాళ్ల వేలిముద్ర కాస్త అలుక్కుపోయినా సరే, నా దగ్గర కనికరం ఉండేది కాదు. "వేలిముద్ర సరిగ్గా పడలేదు, మళ్లీ వేయించుకు రా" అనేవాణ్ణి. అప్పట్లో నా మీద నాకు గొప్ప అభిప్రాయం.

రిటైరై గోల్‌మురిలో ఉంటున్న రోజుల్లో, మా వీధి చివరి తెలుగు చర్చి పాస్టరు గారు ఒకసారి ఇంటికొచ్చారు. మేం హిందువులం. ఆయనకి నాతో పని మతం గురించి కాదు, తెలుగు గురించి. ఈ ఊళ్లో తెలుగు మాట్లాడేవాళ్లు కావలసినంత మంది, తప్పుల్లేకుండా రాసేవాళ్లు కావాలంటేనే కష్టం.

"బాబాయ్ గారూ, ఆదివారానికల్లా ఒక ఇంగ్లీషు కాగితం తెలుగు చేసిపెట్టాలి" అన్నారు.

ఆయన వెంట ఒక విదేశీ నర్సు ఉంది. వీళ్ల చర్చికి దూరదేశంలో జోడు చర్చి ఒకటుంది. ఆ చర్చి ఆస్పత్రిలో ఆవిడ పనిచేస్తుంది. దేశం పేరు రాయను, ఆవిడ ఇంకా అక్కడే ఉంది. పెద్ద దేశాలు కొన్ని కలిసి ఆ దేశంతో వ్యాపారం బంద్ చేశాయి. ఆస్పత్రిలో డయాలిసిస్ మెషీన్లు రెండుంటే ఒకటి చెడిపోయింది. దానికి కావలసిన పార్టు అమ్మితే ఆ పెద్ద దేశాలు తమ మీదా పడతాయని తయారుచేసిన కంపెనీకి భయం. మిగిలిన ఒక్క మెషీన్ మీదా రోగులు వంతులు వేసుకుంటున్నారు. ఆ వంతుల్లో ఆవిడ సొంత అక్క ఉంది. వారానికి మూడుసార్లు ఎక్కాల్సిన మనిషి ఒక్కసారి ఎక్కుతోంది.

ఆ ఆంక్షలు ఎత్తేయమని చర్చిల తరఫున సంతకాలు సేకరించి, సోమవారం ఢిల్లీ తీసుకెళ్లి ఆ దేశాల రాయబారులకి ఇవ్వాలి. ఇదంతా ఆవిడ మా వరండాలో కూర్చుని, టీ ముట్టుకోకుండా, లెక్కచెప్పినట్టు చెప్పింది. ఏడవలేదు. నాకది నచ్చింది.

రాసేటప్పుడు "ఆంక్షలు" అనే మాట దగ్గర ఆగాను. పత్రికల్లో వాడేదే. కానీ మావాళ్లలో తెలుగు పత్రిక చదివేదెవరు? "శాంక్షన్లు" అని ఇంగ్లీషు మాటే ఉంచేశాను, ప్లాంటులో చీపురు పట్టేవాడికి కూడా తెలిసిన మాట కదా అని. తెలిసిన మాట కావడమే కొంప ముంచింది.

ఆదివారం ఆరాధన అయ్యాక గేటు దగ్గర బల్ల వేసి, "ఆ దేశం మీది శాంక్షన్లు వెంటనే రద్దు చేయాలి" అని పాస్టరు గారు చదివి వినిపించారు. జనం ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. క్రేన్ నడిపి రిటైరైన పెద్దమనిషి ముందుకొచ్చి, "రద్దు సెయ్యడవేటండీ? పాపం ఆలకి శాంక్షనయిందాన్ని మనం ఎందుకు సెడగొట్టాల?" అన్నాడు. ఒక కుర్రది, "అంకుల్, శాంక్షన్ తో అచ్ఛీ చీజ్ హై నా?" అంది, మంచిదే కదా అని. ఒకడైతే తన ఇంటి లోను శాంక్షన్ కావాల్సి ఉందనీ, ఇలాంటి కాగితాల మీద సంతకం పెడితే ఎక్కడ తగులుకుంటుందోననీ మెల్లగా జారుకున్నాడు.

నేను అరిచాను. ఇంగ్లీషులో దానికి రెండో అర్థం ఉందిరా నాయనా అని వివరించబోతే ఇంకా గందరగోళమైంది. నర్సు నా వైపు చూస్తోంది. ముప్ఫై ఒక్క ఏళ్లు కొట్టిన ముద్రకి నాకే అర్థం చెప్పడం చేతకాలేదని తలకొట్టేసినట్టయింది.

గేటు పక్కన బజ్జీలు వేసే ముసలావిడ, శ్రీకాకుళం వైపు మనిషి, చర్చి మనిషి కూడా కాదు, బాణలి దగ్గర్నుంచే అడిగింది.

"ఏటి బాబూ, ఆలకి ఎవులూ ఏటీ అమ్మరా?"

"అమ్మరప్పా," అన్నాను, ఆవిడ వైపు వాళ్లు అక్కని పిలిచినట్టు.

"ఆలకాడ కొనరా?"

"కొనరు."

"అయితే ఎలేసినారని సెప్పొచ్చు గదా! మా యమ్మ మారుమనువుకెల్లిందని మా ఊరోలు ఎలేసినారు. కొట్టోడు ఉప్పివ్వలేదు. మాయమ్మ మీద కోపం, పస్తులున్నది మేం పిల్లలం."

అంతే. వెలి. ఆ మాట నాకు తట్టలేదు. క్రేన్ పెద్దమనిషి "దేశాన్నే ఎలేసినారేటి!" అని ముందుగా సంతకం పెట్టాడు. తర్వాత వరస కట్టారు. కాగితం మీద "శాంక్షన్లు" కొట్టేసి పైన "వెలి" అని నా చేత్తోనే రాశాను.

ముసలావిడ చేతులు కడుక్కుని వచ్చి వేలిముద్ర వేసింది. వేసి నవ్వింది.

"సూడండి బాబూ, బాగా పడిందా? మా ఆయన సెలవు కాగితం మీరే గదా ఎనక్కి పంపినారు, ఏలిముద్ర సరిగ్గా పడలేదని. రెండ్రోజులు ఆలీసమైపోనాది. మేమెల్లేసరికి మా అత్త పోనాది."

ఆవిడ భర్త మొహం నాకు గుర్తు రాలేదు. సిగ్గుతో చచ్చిపోయాను. "బాగా పడిందప్పా" అన్నాను.

నర్సు వెళ్లిపోయింది. ఆ తర్వాత ప్రతి ఆదివారం ముసలావిడ నన్ను ఆపి "నర్సమ్మ అక్క ఎలాగుంది?" అనేది. కబురు లేదనేవాణ్ణి. రెండు నెలలకి పాస్టరు గారి ఫోనుకి కబురు వచ్చింది. పార్టు రాలేదు. అక్క పోయింది.

ముసలావిడకి నేనే చెప్పాను. బాణలిలో బజ్జీలు తిప్పడం ఆపి, తన బొటనవేలు వైపు చూసుకుంది.

"ఏలిముద్ర సరిగ్గా పడలేదేటి బాబూ?"

"నేదప్పా, బాగానే పడింది. నేను సూసేను గదా."

నమ్మలేదు. వేలిని కొంగుతో తుడుచుకుంటూ అంది.

"ఇంకో కాయితం వత్తే సెప్పండి. ఈపాలి గట్టిగా ఒత్తుతాను."